మంచి వాసనల గురించి కూడా రాద్దాం

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీ రోజూ చదువుతాను. అందులో వాసన అనే మాట కనిపించిందంటే అది డ్రైనేజీ గురించో, చెత్తకుండీ గురించో, ఊరి బయట కోళ్ల ఫారం గురించో అయి ఉంటుంది. అవి రాయాల్సినవే, నేను కాదనను, మా వీధి కాలువ గురించి రెండేళ్ల కిందట నేనూ రాశాను. కానీ హాయి అనిపించే వాసనల గురించి ఒక్కరూ రాయరేమిటా అని మొన్న వాన పడినప్పుడు అనిపించింది, అందుకే ఈ ఉత్తరం. పెద్దదైతే మన్నించండి. కత్తిరించాల్సి వస్తే మా అమ్మ గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

రోహిణి కార్తె ఎండలకి మా పెరట్లో మట్టి నెర్రెలిచ్చి ఉంది. సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టి, పది పదిహేను పెద్ద చినుకులు పడ్డాయో లేదో గుప్పున మట్టి వాసన. ఎవరో పిలిచినట్టు ఇంట్లో అందరం వసారాలోకి వచ్చేశాం. ఎదురింటివాళ్లూ వచ్చి నిలబడ్డారు, వాళ్ల పెద్దాయన కర్ర పట్టుకుని మెట్టు దిగి మరీ నిలబడ్డారు. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వాన జోరందుకున్నాక ఆ వాసన తగ్గిపోయింది, అందరం లోపలికి వెళ్లిపోయాం.

అదెక్కడి నుంచి వస్తుందని ఇంటర్ చదివే మా అబ్బాయి అడిగితే కూర్చుని చదివి చెప్పాను. మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు ఉంటాయి, అవి జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. దానికి తోడు వేసవంతా మొక్కల నుంచి వచ్చిన నూనెలు మట్టిలో, రాళ్లలో ఇంకి ఉంటాయి. చినుకు పడగానే ఇవన్నీ కలిసి పైకి లేస్తాయి. 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. చినుకు నేలకి తగిలినప్పుడు దాని అడుగున సన్నటి గాలి బుడగలు చిక్కుకుని, పైకొచ్చి పగిలి తుంపరగా లేస్తాయని 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంవాళ్లు ఫొటోలు తీసి చూపించారు, ఆ తుంపర కుండపోత కంటే చిన్న జల్లుకే ఎక్కువ లేస్తుందట. మా వసారాలో జరిగింది సరిగ్గా అదే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అయితే కాల్చిన మట్టిని రాగి పాత్రల్లో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు చేస్తారు. మట్టి వాసనని సీసాలో పెట్టి అమ్ముకునే ఊరు మన దేశంలోనే ఉందంటే నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇంత ఇష్టం ఎందుకంటే, మా నాన్న సంగతే చెప్తాను. ఆయనకి ఆ వాసన వచ్చిందంటే దుక్కికి వేళయినట్టు. మంచం మీద నుంచి లేచి పంచె బిగించుకుని పొలం వైపు చూసేవారు. ఆయన పోయి పన్నెండేళ్లు అయింది, నాకు పొలం లేదు, అయినా తొలకరి వాసన తగలగానే ఆ పంచె బిగించే చేతులు కళ్ల ముందుకొస్తాయి. చూసింది, విన్నది మెదడులో మధ్యలో ఒక మజిలీ దాటి వెళ్తాయి గాని, వాసన సంకేతం మాత్రం జ్ఞాపకాలు, భావోద్వేగాలు నడిపే భాగాలకి దాదాపు నేరుగా చేరుతుందని చదివాను. ఆ వాసనలని పట్టే గ్రాహకాలు మన ముక్కులో 400 రకాల దాకా ఉన్నాయి. వాటి గుట్టు విప్పినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకి 2004లో నోబెల్ ఇచ్చారు.

మాది అనకాపల్లి దగ్గర పల్లె కాబట్టి బెల్లం గురించి రాయకుండా ఉండలేను. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా ఒకే వాసన. పెద్ద పెనంలో రసం మరుగుతుంటే మొదట పచ్చిగడ్డి వాసనలా ఉంటుంది, పైన తేలిన మడ్డి తీసేశాక మెల్లగా తియ్యబడుతుంది, పాకం దగ్గరపడే వేళకి కాస్త మాడినట్టు తీపి వాసన, దానికి కింద మండే చెరకు పిప్పి పొగ తోడు. స్కూలు నుంచి వస్తూ ఊరి మొదట్లోనే పాకం ఎంతవరకు వచ్చిందో చెప్పేసేవాళ్లం. పరుగెత్తితే ఆకులో వేడి పాకం దొరుకుతుందా, అప్పటికే అచ్చుల్లో పోసేశారా అన్నది ముక్కుతోనే తెలిసేది.

ఇక మా అమ్మ.

2021 మేలో అమ్మకి కోవిడ్ వచ్చింది. ఇంట్లోనే తగ్గిపోయింది, ఆక్సిజన్ దాకా వెళ్లలేదు, దేవుడి దయ అనుకున్నాం. కానీ వాసన పోయింది. అమ్మ దేవుడికి నైవేద్యం పెట్టకముందు దేన్నీ రుచి చూడదు, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో గిన్నె మీద మూత తీసి వాసన చూసి చెప్పేది. నలభై ఏళ్లు అలాగే వండింది. అలాంటి మనిషి కంచం ముందు కూర్చుని "అన్నం తింటున్నానే గాని కాగితం నమిలినట్టుందే" అంటే మేం ఏం చెప్పాలో తెలియక తల దించుకునేవాళ్లం. ఆ ఏడు ఆవకాయ కూడా తనే కలిపింది. ఆవపిండి జాడీలో పోస్తుంటే ఘాటుకి కళ్లల్లో నీళ్లు కారాయి, వాసన మాత్రం తెలియలేదట. ఘాటు తెలిపే నరం వేరు, వాసన తెలిపే నరం వేరు అని తరవాత డాక్టరు గారు చెప్పారు. అమ్మ మాత్రం ఆ జాడీ మూతికి గుడ్డ కట్టి పక్కన పెట్టేసి, మూడు నెలలు ముట్టుకోలేదు.

ఇది తిండితో పోయే సంగతి కూడా కాదు. ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, గ్యాస్ వస్తూనే ఉంది. నేను బజారు నుంచి వచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా గ్యాస్ కంపు, అమ్మ పక్క గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా కాళ్లు చేతులు ఆడలేదు. వంటగ్యాస్‌కి అసలు వాసనే ఉండదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ దుర్వాసనే మన ప్రాణాలు కాపాడుతోందని ఆ రోజు తెలిసింది. ఇంట్లో పెద్దవాళ్లకి వాసన తెలియకపోతే గ్యాస్ అలారం పెట్టించండి, వంటగదిలో వాళ్లని ఒంటరిగా వదలకండి.

ఈఎన్‌టీ డాక్టరు గారు మందేమీ రాయలేదు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కళ్లు మూసుకుని వాసన చూడమన్నారు, ఒక్కోదానికి ఇరవై సెకన్లు, కొన్ని నెలల పాటు. జర్మనీలో థామస్ హుమ్మెల్ అనే డాక్టరు బృందం 2009లో రాసిన పద్ధతి ఇది. పక్కన కూర్చుని నేను సీసా ఇచ్చేదాన్ని. వాసన రాకపోయినా అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. అమ్మ లవంగం పట్టుకుని "మా అమ్మమ్మ పంటి నొప్పికి బుగ్గన పెట్టేది" అనేది, నిమ్మకాయకి "మీ నాన్నకి వడదెబ్బ తగిలినప్పుడు" అనేది. ఇలా రోజూ. మూడో నెలలో కాఫీ కాలిన టైరులా ఉందంది, వేగుతున్న ఉల్లిపాయ కుళ్లిన కంపు కొడుతోందని వంటగదిలోంచి ఏడుస్తూ వచ్చేసింది. మేం టెన్షన్ పడిపోయాం గాని, నరాలు మళ్లీ అల్లుకునేటప్పుడు అలా తప్పుగా తెలియడం ఉంటుంది, మానకండి అన్నారు డాక్టరు గారు.

కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం, అమ్మ పడుకుని ఉంది. ఉన్నట్టుండి లేచి "ఏమే, ఎవరింట్లోనో పోపు మాడుతోంది" అంది. మా స్టవ్ మీద ఏమీ లేదు. గుమ్మంలోకి వెళ్లి చూస్తే పక్కింటావిడ మాడిన మూకుడు పట్టుకుని పెరట్లోకి వస్తోంది. అమ్మ గుమ్మం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది, తరవాత లోపలికొచ్చి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకా పూర్తిగా రాలేదు, ఇప్పటికీ కొత్తిమీర వాసన సరిగా తెలియదంటుంది. కానీ ఆ పోపు వాసన కంటే మంచి వాసన మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు.

వాసన అందరికీ ఒకేలా ఉండదు, అది ఒప్పుకుంటాను. మా పక్క వాటాలో భీమిలి నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, ఎండు నెత్తళ్లు వేయించితే ఒకప్పుడు అమ్మ కిటికీ వేసేది. ఇప్పుడు వేయదు. మల్లెపూవులో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది, అదే పదార్థం మలంలోనూ ఉంటుంది. కొంచెమైతే మల్లె, ఎక్కువైతే కంపు. హుద్‌హుద్ తుపాను తరవాత విశాఖలో ఏడాకుల చెట్లు వరసలు వరసలుగా నాటారు, అక్టోబరు, నవంబరు నెలల్లో పూస్తే ఆ ఘాటుకి తలనొప్పి వస్తోందని జనం అంటారు. ఎక్కడో ఒక చెట్టు ఉంటే దూరం నుంచి బాగానే ఉంటుంది. అందుకే కొత్తగా కాలనీ పార్కులు వేసేవాళ్లని ఒకటి అడుగుతున్నాను. నాటేటప్పుడు నీడ, ఖర్చు చూసుకున్నట్టే వాసన కూడా చూడండి. పొగడ, పారిజాతం, సంపెంగ తలా ఒకటి వేయండి. పారిజాతాలు రాత్రి పూసి తెల్లారేసరికి నేల నిండా రాలి ఉంటాయి, వాకింగ్‌కి వచ్చిన ముసలివాళ్లు వాటిని దోసిట్లో పట్టుకుని వాసన చూస్తుంటే చూడండి.

నాకు నిజంగా బాధ కలిగించేది రూమ్ ఫ్రెషనర్లు. లిఫ్టులో అదే, కారులో అదే, మొన్న ఒక పెళ్లి మండపంలో ప్లాస్టిక్ మల్లెలు కట్టి దాని మీద స్ప్రే కొట్టారు. మా పెళ్లికి అరటి చెట్లు, మామిడి తోరణాలు, తడిసిన చాపలు, పచ్చి పసుపు, నేతి బూరెల వాసన, అన్నీ కలిసి ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. ఆ పిల్లకి పదేళ్ల తరవాత తన పెళ్లి ఏ వాసనతో గుర్తొస్తుంది?

ఒక విన్నపం. వారానికి ఒకరోజు ఈ పేజీలో అర కాలమ్ పాఠకులు తమకి ఇష్టమైన వాసన గురించి రాయడానికి ఇవ్వండి. కొత్త పాఠ్యపుస్తకం మధ్యలో ముక్కు పెట్టేవాళ్లు ఉంటారు, పెట్రోలు బంకు దగ్గర అద్దం దించేవాళ్లు ఉంటారు, సాంబ్రాణి పొగ పట్టిన పసిపిల్లల తలని వదలనివాళ్లు ఉంటారు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లయితే అమ్మ పంపిన పచ్చడి పార్సిల్ విప్పిన నిమిషం గురించే రాస్తారు.

నాది బెల్లం పాకం, పైన రాశాను. మా అమ్మది కూడా వేయమంది, అది ఇక్కడే రాస్తున్నాను: గంజి పెట్టి ఎండలో ఆరేసిన నేత చీర, పొద్దు వాలాక దండెం మీద నుంచి తీసి మడత పెట్టేటప్పుడు వచ్చే వాసన.

మీ పాఠకురాలు,
అనకాపల్లి