నడక ఖాళీగా ఉన్నోళ్ల పనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మా పర్లాకిమిడిలో పొద్దున్నే పాతపట్నం రోడ్డు మీదకి వెళ్తే నడుస్తూ రిటైరైన మేష్టార్లే ఎక్కువ కనబడతారు, పాతికేళ్ల కుర్రాళ్లు మాత్రం జిమ్ముకి డబ్బుల్లేవు కాబట్టి పొట్ట తగ్గదని తేల్చేస్తారు, సందు చివర కిరాణా కొట్టుకి కూడా బండి మీదే వెళ్తారు మళ్లీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్దెనిమిదేళ్లు దాటినోళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు గట్టి నడక లాంటి వ్యాయామం, అంటే రోజుకి అరగంట చొప్పున 5 రోజులు. కాకపోతే ఫోన్ చూసుకుంటూ ఈడ్చుకుంటూ నడిస్తే అంత లాభం లేదు, పక్కనోళ్లతో మాట్లాడగలగాలి గానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు, అదీ స్పీడు. 10,000 అడుగులు పూర్తవ్వాల్సిందే అన్న పట్టింపు కూడా అక్కర్లేదు, ఆ లెక్క 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కెట్టే మిషన్ అమ్మకాల దగ్గర మొదలైంది.

బరువు సంగతి నిజం చెప్పుకోవాలంటే, 70 కిలోల మనిషి అరగంట గట్టిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు, వచ్చే దారిలో వేడివేడి బజ్జీలు ఓ ప్లేటు లాగించి తీపి టీ తాగితే అదంతా తిరిగొచ్చేసినట్టే. రాత్రి అన్నం కాస్త తగ్గించి, తిన్నాక ఓ పది నిమిషాలు వీధిలో తిరిగితే షుగర్ ఒక్కసారిగా అంత పెరగదు.

ఆడవాళ్లు చీకటితో నడవాలంటే మాత్రం వీధి దీపాలు వెలగాలి, కుక్కల బెడద తగ్గాలి, ఆ రెండూ చూడాల్సినోళ్లు చూస్తే బాగుణ్ణు.

- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా