ఆదివారం సమావేశం: ఆనాపానసతి సుత్త పఠనం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు జరిగే మన ఆన్‌లైన్ సమావేశంలో బుద్ధుని బోధల పాలి సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని 118వ సుత్తమైన (బోధ) ఆనాపానసతిని, అంటే శ్వాసపై ఎరుకను గురించిన బోధను, కలిసి చదువుకుందాం. దీర్ఘశ్వాసను దీర్ఘమని, హ్రస్వశ్వాసను హ్రస్వమని తెలుసుకోవడంతో మొదలై, శరీరం, అనుభూతులు, చిత్తం, ధర్మాల మీదుగా 16 మెట్లలో సాగే ఈ బోధను ఒక్క విడతలో ముగించాలనుకోవడం సరికాదు కనుక, ఈసారి మొదటి 4 మెట్లకే పరిమితమవుదాం. ఆ భాగాన్ని అందరూ ముందుగా రెండుసార్లు చదివి, అర్థం కాని చోట్లను గుర్తించి రావాలని కోరుతున్నాను.

పఠనం తరువాత 20 నిమిషాలు మౌనంగా కూర్చుందాం. ఆ సమయంలో సంగీతం ఉండదు. శ్వాసను గమనించవలసిన మనసు రాగం వెంట వెళ్లిపోతుందని నా అభిప్రాయం. థేరవాద బౌద్ధ సంప్రదాయంలోని పాలి పరిత్త (రక్షణ కోరుతూ చదివే బుద్ధవచనాలు) పఠనాన్ని చివరలో వినిపిస్తాము. సంబంధిత ప్రసంగం లింకును శుక్రవారం పంపుతాను.

వచ్చే నెల చూడదగిన సినిమా పేరును ఒక్కొక్కరు ఒక్కటి చొప్పున, ఎంచుకున్న కారణంతో సహా, శనివారంలోగా ఇక్కడే రాయండి. అది బుద్ధుని జీవితకథే కానక్కరలేదు. అనిత్యతనో కరుణనో నిజాయితీగా చూపినదైతే చాలు.

5 నిమిషాల ముందే చేరి, మైకును మ్యూట్‌లో ఉంచడం మరువకండి.