తొట్టెల దిగిన పిల్ల

మహబూబ్‌నగర్

అరే శీనూ,

నీ మెసేజ్‌కు వాట్సాప్‌లోనే జవాబు కొడదామనుకున్నా గానీ, ఫోన్‌లో నాలుగు లైన్లు దాటితే నా వేళ్లు మొరాయిస్తాయి. అందుకే తీరికగా కూర్చొని రాస్తున్నా.

మీ చిన్నోడు క్రిబ్, అదే చుట్టూ కటకటాలుండే పిల్లల మంచం, దాని కటకటాల మీద కాలేసి ఇవతలికి దిగబోయాడన్నావు. అంత ఎత్తు నుంచి తలకిందులుగా పడితే మాటలా! ముందు పరుపును అన్నిటికన్నా కింది మెట్టుకు దించు. లోపలున్న పెద్ద బొమ్మలు, దిండ్లు తీసెయ్, వాటి మీదికెక్కే దూకుతారు. మీ అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం చెప్పే లెక్క సులువు. పిల్లవాడు 35 అంగుళాలు పెరిగినా, నిలబడినప్పుడు పైకమ్మి వాడి ఛాతీ దాకే వచ్చినా ఇక క్రిబ్ పనికిరాదు. టేపు పెట్టి కొలువు. ఇంకా పొట్టిగానే ఉండి, పరుపు దించాక ఎక్కడం మానేస్తే మాత్రం తొందరేం లేదు. మూడేళ్లు దగ్గరపడితేగానీ 'దిగొద్దు' అన్న మాట వాళ్ల బుర్రలో నిలవదు.

మా కథ వేరనుకో. మాది క్రిబ్ కాదు, తొట్టెల. స్లాబ్ పోసినప్పుడే నాయన కొక్కెం పెట్టించాడు గదా, దానికి స్ప్రింగు, స్ప్రింగుకు అమ్మ పాత నూలు చీర. మా పిల్లకు రెండేళ్లు దాటాయి, కాళ్లు బయటికి వేలాడుతున్నాయి, అయినా మహారాణికి ఊపితే తప్ప నిద్ర రాదు. ఊపడం ఆపితే ఒక కన్ను తెరిచి చూసేది. నడిరాత్రి కరెంటు పోతే ఒక చేత్తో ఊపుడు, ఇంకో చేత్తో విసనకర్ర. మా ఇంటామె భుజం పట్టేసింది.

అమ్మేమో ఇంకో ఏడాది ఉండనీ అంటుంది. నాకు మాత్రం చీర తొట్టెల అంటే లోపల గుబులు. ఆ వయసు పిల్లలు అందులో నిలబడతారు, ఖాళీగా ఉంటే మెలితిప్పి ఆడతారు. మెడకు బిగుసుకుని ప్రాణాలు పోయిన వార్తలు పేపర్లో చదవలేదా మనం? అందుకే దించడమంటే పూర్తిగా దించడమే అనుకున్నాం. పిల్ల అందులో లేనప్పుడు చీర ఊడదీసి బీరువాలో పెట్టాం. కొక్కేనికి ఏదీ వేలాడకూడదు.

ఊపుడు మాన్పించడమే అసలు పని. ఒక్కసారే ఆపితే ఇల్లు లేచిపోయేది. కొన్నాళ్లు మెల్లగా ఊపాం, తర్వాత కళ్లు మూతలు పడుతుండగానే ఆపేసేవాళ్లం, ఆ తర్వాత పరుపు మీదే పడుకోబెట్టి వీపు మీద జో కొట్టడం. మధ్యాహ్నం నిద్రతో మొదలుపెట్టాం. పగలైతే ఎంత లొల్లి చేసినా మనకు ఓపిక ఉంటుంది.

పరుపు క్లాక్ టవర్ దగ్గర కుట్టించాం, కొత్త దూదితో, గట్టిగా. నేల మీదే పరిచాం. పడినా నాలుగంగుళాలు! కాకపోతే నేల మీది పరుపు కింద చెమ్మ చేరుతుంది, పొద్దున్నే లేపి గోడకు ఆనించాలి. ఊరికి పోతే మాత్రం వానాకాలంలో కింద పడుకోనివ్వదు అమ్మ, తేళ్ల భయం. అక్కడ పొట్టి నవారు మంచమే. మీకు తేళ్ల బాధ లేదు కాబట్టి కార్ల బొమ్మ మంచాలూ గీంచాలూ కొనకు, డబ్బు దండగ. క్రిబ్ పరుపే తీసి కింద వెయ్యి, వాడికి ఆ పరుపు అలవాటే. మంచమే కావాలంటే క్రిబ్ పరుపు పట్టే చిన్న మంచాలు అక్కడ దొరుకుతాయి. పెద్ద మంచానికి తగిలించే రెయిలింగు రెండేళ్ల లోపు పిల్లలకు వద్దే వద్దు. పరుపుకూ దానికీ మధ్య సందులో ఇరుక్కుంటారు. గోడకూ మంచానికీ మధ్య సందు కూడా అంతే.

మంచం కన్నా గది ముఖ్యం శీనూ. తొట్టెల దిగాక రాత్రి మనం పడుకుంటే గది మొత్తం పిల్లదే. మోకాళ్ల మీద కూర్చొని, దాని ఎత్తు నుంచి గదంతా చూశా. బీరువా గోడకు బిగించలేదు, స్విచ్‌బోర్డు చేతికందుతోంది, కూలర్ వైరు దారికడ్డంగా ఉంది, కిటికీ కింద కుర్చీ ఉంది. అన్నీ సరిచేశాకే పరుపు వేశా. మీ ఇంట్లో సొరుగుల బల్ల గోడకు బిగించు, కిటికీ తెరల తాళ్లు పైకి కట్టెయ్, మెట్లకు గేటు పెట్టు.

మొదటి రాత్రి ఏం జరిగిందో చెబితే నవ్వుతావు. అర్ధరాత్రి వంటింట్లో డబడబమని చప్పుడు. పిల్లి అనుకున్నా. లైటు వేస్తే ఈమె! సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత రాక గరిటెతో బాదుతోంది. అమ్మ పగలబడి నవ్వి, ఎత్తుకుని, ఒక సకినం చేతిలో పెట్టింది. ఇంకేముంది, మర్నాడు కూడా అదే టైముకు ప్రోగ్రాం. ఆ తర్వాత మాత్రం లేచొస్తే నవ్వు లేదు, తిట్టు లేదు, కథ లేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టడమే. విసుగొచ్చేదాకా చెయ్యాలి, విసుగొచ్చాకా చెయ్యాలి. అమ్మను ఒప్పించడం పిల్లను ఒప్పించడం కన్నా కష్టమైంది, అది వేరే ఉత్తరం రాస్తా.

నిద్ర తగ్గిపోతుందేమోనని పరేషాన్ కాకు. ఏడాది దాటాక మూడేళ్లు నిండేదాకా పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు దాటితే 10 నుంచి 13 గంటలు ఉండాలంటారు. కొన్నాళ్లు అటూఇటూ అయినా మళ్లీ దారికొస్తుంది. స్నానం, పాలు, కథ, లైటు తగ్గించడం మాత్రం పాత వరుసలోనే ఉంచు. దాంతోపాటే డైపర్ మాన్పించే పని పెట్టుకోకు.

ఇక మా చెల్లె మళ్లీ కడుపుతో ఉంది కాబట్టి చెబుతున్నా. మార్చేదేదో ప్రసవానికి రెండు నెలల ముందే మార్చు, లేదా బిడ్డ వచ్చి ఇల్లు కుదుటపడేదాకా ఆగు. మార్చాక క్రిబ్‌ను విప్పి వాడి కంటపడకుండా దాచు, వచ్చే బిడ్డకు మొదట్లో బాసినెట్, అదే బుట్టలాంటి చిన్న పడక, సరిపోతుంది. నిన్నటిదాకా తనది, ఇవాళ దాంట్లో ఇంకొకరు అంటే ఊరుకుంటాడా?

కొలిచి ఎన్ని అంగుళాలో రాయి. చెల్లెను అడిగానని చెప్పు. పండక్కి అత్తమ్మ అక్కడికొస్తుందా, మీరే ఇటొస్తారా, అదీ రాయి.

నీ
రాజు