శీనూ, నువ్వు అడిగిన చదువు సంగతి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది, జవాబు ఇవ్వలేదని కోపంగా ఉంటావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేది కాదని ఆగాను. ఇప్పుడు సెమిస్టర్ సెలవులకి ఊరొచ్చా, రాత్రిళ్ళు రొయ్యల గుంట కాపలా నాదే, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని చూసుకోవడం తప్ప తెల్లారేదాకా పని లేదు, అందుకే గట్టు మీద షెడ్డులో కూర్చుని తీరిగ్గా రాస్తున్నా.

నేను చదువుతున్న క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అంటే ఏ షేరు ఎప్పుడు కొనాలో నేర్పుతారా అని అడిగావు. మా పెదనాయన కొడుకు కూడా ఇదే అడిగాడు, వాడికి నిఫ్టీ ఆప్షన్ల పిచ్చి పట్టింది. నేర్పరురా. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఒక లెక్క బయటపెట్టింది: అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (రేపటి ధర మీద ఇవాళే చేసుకునే ఒప్పందాలు) ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల పైనే. అది వాడికి చదివి వినిపించాను, విన్నాడో లేదో తెలియదు. రేపు ధర ఎటు పోతుందో చెప్పే చదువు కాదిది. ఎటు పోతుందో తెలియనప్పుడు, ఆ తెలియకపోవడానికే వెల కట్టే చదువు. నాకు ఇది బుర్రకెక్కడానికి ఒక సెమిస్టర్ పట్టింది, నీకు మాత్రం ఇప్పుడే చెప్తా, పెన్ను తీసుకో.

లెక్క కోసం రొయ్య కిలో ఇవాళ 300 అనుకో. నెల తర్వాత 360 అన్నా అవుతుంది, 260 అన్నా అవుతుంది, ఈ రెండే. ఒకాయన కాగితం ఇస్తానంటాడు, ఇలాంటి దాన్నే ఆప్షన్ అంటారు: నెల తర్వాత ధర ఎంతున్నా కిలో 300కి తనకి అమ్ముకునే హక్కు నీకుంటుంది. ధర పడితే నీకు 40 మిగులు, పెరిగితే కాగితం చించేస్తావు. ఈ కాగితానికి ఇవాళ ఎంత ఇవ్వచ్చు? నువ్వు వెంటనే సగం సగం అవకాశం, కాబట్టి 20 అంటావు, నేనూ అదే అన్నా. తప్పు. వడ్డీ పక్కన పెడితే సరైన వెల 24. ఎందుకంటే 20కే అమ్మితే నేను ఆ కాగితం కొని, దాంతోపాటు 120 పెట్టి 0.4 కిలో రొయ్య కొంటా, 144 అప్పు తెస్తా. చేతిలో అప్పుడే 4 రూపాయలు మిగిలాయి. నెల తర్వాత ధర 360 అయితే రొయ్య అమ్మితే 144, అప్పు తీరిపోయింది. 260 అయితే రొయ్యకి 104, కాగితానికి 40, అదీ 144, అప్పు తీరిపోయింది. ఎటు పోయినా ఆ 4 నావే. ఇందులో ధర పెరిగే అవకాశం ఎంత అన్న ప్రశ్నే రాలేదు, గమనించావా? పెరుగుతుందని నువ్వు, పడుతుందని నేను రాత్రంతా వాదించుకున్నా వెల మాత్రం 24 దగ్గరే ఉంటుంది. ఇది అర్థమైన రోజు హాస్టల్ మేడ మీద ఒక్కణ్ణే చాలాసేపు తిరిగానురా, డిగ్రీలో నువ్వూ నేనూ కాంప్లెక్స్ అనాలిసిస్‌లో ఆ రెసిడ్యూ లెక్క తేలినప్పుడు ఎగిరామే, అలా ఉండింది.

ఈ అడుగుల్ని చిన్నవి చేసుకుంటూ పోతే చివరికి తేలేదే ఆప్షన్‌కి వెల కట్టే, 1973లో వచ్చిన బ్లాక్–షోల్స్ సూత్రం. మెర్టన్, షోల్స్‌లకి దానికి 1997లో నోబెల్ వచ్చింది, బ్లాక్ అప్పటికి రెండేళ్ళ ముందే చనిపోయాడు. అసలు ఈ కథ ఇంకా పాతది. బషెలియే అనే ఫ్రెంచి ఆయన 1900లోనే పారిస్‌లో తన థీసిస్‌లో ధరల కదలికని బ్రౌనియన్ మోషన్‌గా, అంటే ఎటు పోతుందో తెలియని వరస కదలికగా, రాశాడు, ఐన్‌స్టీన్ అదే గణితంతో నీళ్ళలో రేణువుల కదలిక గురించి రాయడానికి ఐదేళ్ళ ముందు.

ఇప్పుడు ఇంటికొచ్చాక నాకు తట్టింది చెప్తా, ఈ ఉత్తరంలో నువ్వు ముఖ్యంగా చదవాల్సింది ఇదే. పై లెక్కలో నేను 0.4 కిలో రొయ్య కొని నెల దాచి అమ్మానన్నాను. మన రొయ్యని ఎవడు దాస్తాడు? మూడో రోజుకి దానికి ఏ ధర వస్తుంది? షేరుకైతే నడిచే వాదన రొయ్యకి నడవదు. సూత్రం తప్పు కాదు, దాని కింద ఉన్న షరతు ఇక్కడ లేదు, అంతే. మా క్లాసులో సూత్రం నోటికొచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు, షరతు ఎక్కడ తెగుతుందో అడిగేవాళ్ళు తక్కువ. నోబెల్ వచ్చిన ఆ ఇద్దరూ భాగస్వాములుగా ఉన్న ఎల్‌టీసీఎం అనే ఫండు మరుసటేడే, 1998లో, రష్యా అప్పులు ఎగ్గొట్టాక కూలిపోయింది, 14 సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పెట్టి ఆదుకోవాల్సి వచ్చింది. అంత తెలివైన వాళ్ళకే అలా అయింది. అందుకే నువ్వు రావాలి అంటున్నా. క్లాసులో సార్ "ఇది స్పష్టమే కదా" అంటే "ఎందుకు సార్" అని లేచేవాడివి నువ్వొక్కడివే.

ఇంకో మాట. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందే, అప్పుడు మా గుంటలో రొయ్య 60 కౌంట్‌లో (కిలోకి 60 తూగే సైజు) ఉంది. 40 కౌంట్ దాకా ఆగితే కిలోకి ఎక్కువ వస్తుంది, కానీ ఈలోగా ధర ఇంకా పడొచ్చు, వైట్ స్పాట్ రోగం రావచ్చు, మేత ఖర్చు ఎలాగూ ఉంది. నాయన రెండు రాత్రులు నిద్రపోలేదు, మూడోరోజు పొద్దున్నే పట్టుబడికి మనుషుల్ని పిలిపించేశాడు. తర్వాతి సెమిస్టర్‌లో అమెరికన్ ఆప్షన్ చెప్పారు, గడువు లోపల ఎప్పుడైనా వాడుకోగల హక్కు. దాన్ని చివరి రోజు నుంచి వెనక్కి లెక్కగడుతూ రావాలి, ప్రతి రోజు దగ్గరా ఇప్పుడే తీసుకుంటే ఎంత, ఆగితే ఎంత అని పోల్చాలి. బోర్డు మీద ధరలు కొమ్మలుగా చీలే ఆ చెట్టు గీస్తుంటే నాకు నాయన గట్టు మీద నిలబడింది కనిపించింది. ఆయన చేసింది ఆ లెక్కేరా, కాగితం లేకుండా.

ఇక కష్టం సంగతి. మొదటి సెమిస్టర్‌లో ప్రాబబిలిటీకి పునాది అయిన మెజర్ థియరీ నన్ను పడగొట్టింది, మిడ్‌టర్మ్‌లో 50కి 14. సిగ్మా ఆల్జీబ్రా, ఫిల్ట్రేషన్ అని డెఫినిషన్లు బట్టీపట్టడమే నేను చేసిన తప్పు. తర్వాత గుంటలో రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేని తలుచుకున్నాక దారి దొరికింది: ఇవాళ ట్రే పైకి లాగితే ఇవాళ్టి దాకా తెలుస్తుంది, రేపటి మేత రేపు ట్రే చూశాకే, ఇవాళ తెలిసిందాన్ని బట్టే ఇవాళ నిర్ణయం. ఫిల్ట్రేషన్ అంటే అంతే. ఆ తర్వాత అలా ఎటు పోతాయో తెలియని కదలికల కోసం ఉన్న ఇటో కాలిక్యులస్‌కి టెన్షన్ పడలేదు. ప్రోగ్రామింగ్ మాత్రం తప్పదు, పైథాన్ రోజూ, సీ ప్లస్ ప్లస్ కొంచెం. మాంటే కార్లోలో, అంటే కంప్యూటర్‌తో ఊహాధరలు వేలసార్లు నడిపి సగటు తీసే పద్ధతిలో, తప్పు సగం కావాలంటే నాలుగింతల సార్లు నడపాలి, పదో వంతు కావాలంటే వంద ఇంతలు, నా ల్యాప్‌టాప్ రాత్రంతా వేడెక్కి కూర్చునేది.

ఉద్యోగాలు ముంబై, బెంగళూరులో ఎక్కువ, బ్యాంకుల్లో రిస్కు విభాగాల్లో, వేరేవాళ్ళు కట్టిన మోడల్ సరిగ్గా ఉందా అని పరీక్షించే పనులే చాలావరకు. పెద్ద జీతాల ట్రేడింగ్ కంపెనీల్లోకి వెళ్ళేది కొద్దిమందే, అది చూసి మాత్రం రావద్దు.

వయసు 26 అయిందని భయపడుతున్నావు. మా క్లాసులో నీకంటే పెద్దవాళ్ళు ఉన్నారు. కందుకూరులో నువ్వు ఇంటర్ పిల్లలకి చెప్తున్న ప్రాబబిలిటీ, మాట్రిసెస్ వృథా కావు, అక్కడి నుంచే మొదలుపెట్టు. దూరం పోలేనంటే పాండిచ్చేరి యూనివర్సిటీలో ఈ పేరుతోనే ఎం.ఎస్‌సి. ఉంది, అటు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇటు దిగొచ్చు. అమ్మ దగ్గర ఎవరుంటారు అన్నావు, దానికి నా దగ్గర జవాబు లేదు, అక్కతో ఒకసారి కూర్చుని మాట్లాడు. కావాలంటే నేనూ వస్తా.

వచ్చే ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి తిరిగి చెన్నై పోతున్నా. కావలి స్టేషన్‌కి ఓ గంట ముందు రా, నా మొదటి సెమిస్టర్ నోట్సులు మూడు నీకిస్తా, మెజర్ థియరీది కూడా. ఈలోగా పైన చెప్పిన లెక్కనే రెండు నెలలకి చేసి పెట్టు: 360 నుంచి 430 లేదా 310, 260 నుంచి 310 లేదా 225. ముందు చివరి నెల, తర్వాత వెనక్కి. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ సరిచూద్దాం.

రెండో ఏరియేటర్ చప్పుడు మారింది, చూసొస్తా.

నీ
రవి