లాంగ్‌టర్మ్‌లో చేర్చే ముందు

సంపాదకునికి,

ఇంటర్ అవగానే, మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ మళ్లీ రాయడానికి లాంగ్‌టర్మ్‌లో, అంటే ఏడాది పొడవునా సాగే కోచింగ్‌లో చేరే పిల్లల గురించి నాలుగు మాటలు. మా పక్కింటి అమ్మాయి నిరుడు అలాగే చేరింది. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా అదే గది, అవే బిట్లు. ఆదివారమూ పరీక్షే. ఇంటికి ఫోన్ చేస్తే మార్కుల టెన్షన్ తప్ప మరో మాట ఉండేది కాదు.

మళ్లీ రాయడం తప్పని నేననను. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌ను ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయొచ్చు. ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్‌కు రెండేళ్లే. నీట్‌కు ఇన్నిసార్లే అన్న లెక్క లేదు, 2022లో గరిష్ఠ వయోపరిమితి కూడా ఎత్తేశారు. చిక్కంతా ఇక్కడే. ఒక ఏడాది అనుకున్నది మూడేళ్లవుతోంది. ఎన్నిసార్లు రాయాలో చేరకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. నీట్ మొత్తం 720లో మార్కులు ఎక్కడ పోయాయో చూడాలి. బయాలజీ 360కి బాగానే తెచ్చుకుని, ఫిజిక్స్‌లో దెబ్బతిన్న పిల్లకు అన్నీ మొదటి పాఠం నుంచి చెప్పించడం ఫీజు దండగ. ఇంటి పట్టున ఉండి ఒక్క ఫిజిక్స్ ట్యూషన్‌కు వెళ్లినా సరిపోవచ్చు.

మిగిలిన సమయంలో వంట నేర్చుకోనివ్వండి, పద్దెనిమిది నిండితే ఓటుకు ఫారం-6 నింపించండి. డాక్టరవ్వాలన్న పిల్ల సర్కారు ఆసుపత్రి ఓపీ దగ్గర ఒక పూట నిలబడి చూస్తే, ఆ కోరిక తనదో నాన్నదో కూడా తేలుతుంది!

ఫలితాలు రాకముందే అడ్వాన్సు కట్టించుకునే కోచింగ్ సెంటర్లు, ఆదివారం సెలవు ఇస్తారో లేదో రసీదు మీదే రాసివ్వాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి