డ్రిప్పుతో పాటు నీటి పరీక్ష కూడా ఇప్పించండి

జిల్లా సూక్ష్మ సేద్యం అధికారి గారికి నమస్కారాలు.

నిన్న మా చీనీ (బత్తాయి) తోటలో, చెట్టు మొదట్లో నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్ ఒకటి విప్పి చూశాను. లోపల తెల్లటి సున్నపు పెచ్చు. గోటితో గీకితే పొడిగా రాలింది. బోరులో నీళ్లున్నాయి, చెట్టుకు అందడం లేదు. రాయలసీమలో ఎన్ని తోటలది ఇదే బాధ!

ఇసుక ఫిల్టరు నాచును, చెత్తను ఆపుతుంది కానీ నీటిలో కరిగిన సున్నాన్ని ఆపలేదు. దానికి ఆమ్ల చికిత్సే మార్గం. పైపు చివర నీటి పీహెచ్ (ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని) 4కు దిగేదాకా ఆమ్లం పంపి, 24 గంటలు నిలిపి, పైపుల చివరి మూతలు (ఎండ్ క్యాపులు) తీసి కడగాలి. ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఈ జాగ్రత్త దగ్గరుండి చెప్పకపోతే రైతు చేతులు కాలుతాయండీ.

డ్రిప్పు మంజూరు చేసేటప్పుడే బోరు నీటిని పరీక్ష చేయించండి. మండలానికొక పొలంలో ఆమ్ల చికిత్స చేసి చూపించండి. మొదటిది మా తోటలోనే పెట్టండి, కూలీల ఖర్చు నేను భరిస్తాను.

ఇట్లు,
ఒక చీనీ రైతు