చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ గురించి ఒక మాట

అందరికీ నమస్కారం. నిన్నటి నుంచి గ్రూప్‌లో "దిశ కేసులో పోలీసులకు కోర్టు క్లీన్‌చిట్ ఇచ్చింది" అని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. అది నిజం కాదు. దిశ అనేది 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో అత్యాచారానికి, హత్యకు గురైన పశువైద్యురాలికి పెట్టిన మారుపేరు.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఆ కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. నిందితుల మీద ఆ కోపం అర్థమయ్యేదే, మనలో చాలామందికీ ఉంది. కానీ వారం తిరక్కుండానే సుప్రీంకోర్టు తన మాజీ న్యాయమూర్తి జస్టిస్ సిర్పుర్కర్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేసింది. హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి గాంధీ ఆస్పత్రిలో మళ్లీ పోస్ట్‌మార్టం చేశారు.

2022 మేలో నివేదిక బయటికొచ్చింది. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథనాన్ని కమిషన్ నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పి, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. చనిపోయిన వాళ్లలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా తేల్చింది. నన్ను బాగా కలిచివేసింది ఇదే. నిందితుల మీద విచారణ జరిగి ఉంటే ఈ వయసు సంగతి కోర్టులోనే తేలేది కదా! సిఫారసు అంటే శిక్ష కాదు, అదీ గుర్తుంచుకోండి. సుప్రీంకోర్టు తదుపరి వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఆ ఫార్వర్డ్‌లో బాధితురాలి ఫొటో, అసలు పేరు ఉన్నాయి. అత్యాచార బాధితుల వివరాలు బయటపెట్టడం నేరం. పంపినవాళ్లు దయచేసి వెంటనే డిలీట్ చేయండి.